కత్తెర ఆఖర్న పట్టండి: క్రెడిట్ కార్డు ఖాతా సరిగా మూసుకునే దారి

మా చిన్నాయన ప్రొద్దుటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కడపలో ఉంటున్నాడు. మిద్దె మీద ఒక పోర్షన్ వేసి అద్దెకిద్దామని ఆ మధ్య లోన్‌కు వెళ్లాడు. పెన్షన్ పడే బ్యాంకే, మేనేజర్‌కు తెలిసిన మనిషే. ఇంటి పత్రాలు, పెన్షన్ కాగితాలు అన్నీ చూశాక మేనేజర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఒక క్రెడిట్ కార్డు. దాని పక్కన బాకీ నాలుగు వేల చిల్లర. కింద నెల నెలకూ గళ్లు, ఆ గళ్లలో ఎన్ని రోజులుగా కట్టలేదో చూపించే అంకెలు.

"దాన్ని ముక్కలు చేసి పారేసినా గదా సార్, ఇంకా యాడుంది అది?" అన్నాడట చిన్నాయన.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కరి దగ్గర పది రూపాయలు బాకీ పెట్టని మనిషి. ఆయన చేసిన తప్పు కూడా ఏమీ లేదు. ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో ఫ్రిజ్ కొంటుంటే కౌంటర్ పక్కన కుర్రాడు "మొదటి ఏడాది ఫీజు లేదు సార్" అని కార్డు ఇప్పించాడు. ఫ్రిజ్ వాయిదాలు పన్నెండూ ఒక్కరోజు దాటకుండా కట్టాడు. ఇక మనకీ పీడ వద్దనుకుని కత్తెర తీసుకుని కార్డును నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. కొన్నాళ్లకు ఫోన్ నంబరు కూడా మార్చాడు.

రెండో ఏడాది వార్షిక ఫీజు పడింది. 499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 589. మెసేజ్‌లు పాత నంబరుకు పోయాయి. బిల్లులు కొడుకు ఎప్పుడో తెరిచిచ్చిన ఈమెయిల్‌కు పోయాయి, ఆయన ఒక్కసారీ తెరిచింది లేదు. కట్టలేదు కాబట్టి ఆలస్య రుసుము, దాని మీద జీఎస్టీ, ఈ మొత్తం మీద వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ. వాడని కార్డు మీద, చేతిలో లేని కార్డు మీద, అప్పు పిల్లలు పెట్టింది.

ఇలా దెబ్బతిన్నవాళ్లు నాకు తెలిసి ఇంకో నలుగురున్నారు. అందుకే ఈ వ్యవహారం మొదలు నుంచి చివర దాకా విప్పి చెప్పాలనిపించింది.

కార్డు వేరు, ఖాతా వేరు

మన చేతిలో ఉండే ప్లాస్టిక్ ముక్క తాళంచెవి లాంటిది. తాళంచెవి బావిలో పారేస్తే ఇల్లు అమ్మేసినట్టు కాదు కదా. క్రెడిట్ కార్డు అంటే బ్యాంకు మన పేరున తెరిచి ఉంచిన ఒక అప్పు ఖాతా. కార్డు విరిచినా, పోగొట్టుకున్నా, బ్లాక్ చేయించినా, దాని మీద ముద్రించిన గడువు తీరిపోయినా ఆ ఖాతా బతికే ఉంటుంది. బ్లాక్ చేయమంటే ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే పనిచేయకుండా పోతుంది. గడువు తీరినా అంతే. ఖాతాను మూయమని మనం అడగాలి, వాళ్లు మూశామని చెప్పాలి. ఈ రెండూ జరగనంతవరకు అది మన పేరున తెరిచి ఉన్న అప్పే.

మన రాయలసీమలో అప్పు ఎలా తీర్చుకోవాలో తెలియని ఇల్లు లేదు. బంగారం లోన్ తీర్చినప్పుడు రశీదు పక్కన పెట్టుకుని ఒక్కో నగా లెక్కచూసుకుని కానీ కౌంటర్ దగ్గర నుంచి కదలం. పంట రుణం కట్టేసి ఇంకో బ్యాంకుకు పోవాలంటే ముందు "నో డ్యూస్ ఇయ్యండి సార్" అని, అంటే బాకీ లేదని రాసిచ్చే కాగితం అడుగుతాం. అంత జాగ్రత్తగా ఉండే మనిషి క్రెడిట్ కార్డు దగ్గర ఎందుకు ఏమరుపాటు పడతాడు? నాకు తోచిన కారణం ఒకటే. కార్డుకు మనం ఏదీ తాకట్టు పెట్టలేదు. కాబట్టి అప్పు తీరిన రోజున తిరిగి చేతికి వచ్చేదీ ఏమీ ఉండదు. నగలు చేతికి వస్తే అప్పు తీరిందని మనసుకు తెలుస్తుంది. కార్డు విషయంలో ఆ గుర్తు లేదు కాబట్టి మనమే కత్తెరతో ఒక గుర్తు సృష్టించుకుంటున్నాం. అసలు గుర్తు కత్తెర కాదు, బ్యాంకు ఇచ్చే కాగితం. దాన్ని రప్పించుకోవడం ఎలాగన్నదే మిగతా కథంతా.

బాకీ సున్నా అంటే ఏమిటి

కార్డు మూయాలంటే బాకీ పైసాతో సహా తీరాలి. ఇక్కడే చాలామంది పొరబడేది. బిల్లులో ఉన్న మొత్తం కడితే బాకీ సున్నా అయిపోయిందని అనుకుంటారు. ప్రతినెలా పూర్తిగా కట్టేవాళ్లకు అది చాలావరకు నిజమే. కానీ మధ్యలో ఒక్క నెలైనా మినిమం, అంటే బిల్లులో కనీసం కట్టమని చూపించే చిన్న మొత్తం, మాత్రమే కట్టి మిగతాది ముందుకు నెట్టినవాళ్లకు లెక్క మారిపోతుంది. వాళ్లకు వడ్డీ లేని గడువు పోతుంది. అప్పుడు వడ్డీ రోజు లెక్కన నడుస్తూ ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 5వ తేదీన 20,000 రూపాయల బిల్లు వచ్చింది. అంతకుముందు నెల బాకీ కొంత మిగిలే ఉంది. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. మీరు 20వ తేదీన 20,000 మొత్తం కట్టేసి ఊపిరి పీల్చుకున్నారు. కానీ 5 నుంచి 20 దాకా పదిహేను రోజుల వడ్డీ ఆ బిల్లులో లేదు, ఎందుకంటే బిల్లు తయారైన రోజుకు ఆ రోజులు ఇంకా రాలేదు. 20,000 మీద 42 శాతం చొప్పున పదిహేను రోజులకు 345 రూపాయలు, దానిపై జీఎస్టీ 62. మొత్తం 407. ఇది వచ్చే నెల బిల్లులో పుట్టుకొస్తుంది. ఈలోగా మీరు కార్డు మూయమని అడిగితే బాకీ ఉందని ఆ అభ్యర్థన పక్కన పడుతుంది. మీరేమో కట్టేశాం కదా అన్న ధీమాతో ఉంటారు. ఆ 407 కు ఆలస్య రుసుము తోడవుతుంది. ఊబి ఇలాగే మొదలవుతుంది.

అందుకే యాప్‌లో కనిపించే బిల్లు అంకెను నమ్ముకోకుండా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఇలా అడగండి: "ఈరోజు కార్డు మూయాలంటే వడ్డీ, ఇంకా బిల్లులోకి రాని ఖర్చులు అన్నీ కలిపి మొత్తం ఎంత కట్టాలి?" వాళ్లు చెప్పిన అంకె కట్టండి. ఒక బిల్లు పూర్తిగా సున్నాగా వచ్చేదాకా ఆగగలిగితే ఇంకా మంచిది. అలా ఆగితే ఒక నెల పోతుంది, కానీ అనుమానం ఉండదు.

వాయిదాల మీద కొన్నవి ఉంటే ఇంకో ముడి. ఫ్రిజ్‌కు పన్నెండు నెలల ఈఎంఐ పెట్టి ఆరు నెలలకే కార్డు మూయమంటే మిగిలిన ఆరు నెలల అసలు ఒకేసారి కట్టమంటారు. ముందే తీర్చినందుకు చాలా బ్యాంకులు ఫీజు కూడా వేస్తాయి, దాని మీద జీఎస్టీ ఉంటుంది. అత్యవసరం లేకపోతే వాయిదాలు అయిపోయాకే మూయడం నయం.

రావలసిన డబ్బు సంగతి కూడా మరవకండి. రద్దు చేసుకున్న రైలు టికెట్టు, వాపసు పంపిన చీర, ఇలాంటి వాటి డబ్బు తిరిగి కార్డు ఖాతాలోకే వస్తుంది. అది వచ్చేదాకా ఆగండి. ఖాతాలో మీదే ఎక్కువ డబ్బు మిగిలిపోయిన పక్షంలో మూసేశాక దాన్ని మీ బ్యాంకు ఖాతాకు జమ చేయాలన్నది నిబంధన. కాబట్టి ఆ డబ్బు పోదు, కాకపోతే వెంటపడాల్సి వస్తుంది.

విప్పాల్సిన చిన్న ముళ్లు

కార్డుకు మనం తెలిసీ తెలియక తగిలించినవి చాలా ఉంటాయి. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జ్, ఓటీటీ చందాలు, పిల్లల కోచింగ్ ఫీజు, ఫాస్టాగ్‌లో ఆటోమేటిక్‌గా పడే డబ్బు, ఇన్సూరెన్స్ ప్రీమియం. వీటిలో నాకు భయం కలిగించేది ఇన్సూరెన్స్ ప్రీమియమే. ఓటీటీ ఆగితే ఇంట్లో ఎవరో ఒకరు ఆ రాత్రే అరుస్తారు, తెలిసిపోతుంది. ప్రీమియం ఆగితే ఎవరికీ తెలియదు, పాలసీ చల్లగా చచ్చిపోతుంది, అవసరం పడిన రోజునే బయటపడుతుంది. కాబట్టి గత ఏడాది స్టేట్‌మెంట్లు పన్నెండూ ముందు పెట్టుకుని, తనంతట తాను పడుతున్న ప్రతి ఖర్చునూ గుర్తు పెట్టుకుని, దాన్ని ఇంకో కార్డుకో బ్యాంకు ఖాతాకో మార్చండి. ఏడాదికి ఒక్కసారే పడేవి ఉంటాయి, అందుకే పన్నెండు నెలలవీ చూడమంటున్నాను.

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి కిరాణా కొట్లో స్కాన్ చేస్తున్నవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ లింకు యాప్‌లోంచి తీసేయండి. రివార్డు పాయింట్లు ఉంటే ముందే వాడేసుకోండి. ఖాతా మూశాక వాటి గురించి అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు.

భార్యకో, కొడుక్కో ఇప్పించిన యాడ్-ఆన్ కార్డులు అసలు ఖాతాతో పాటే పోతాయి. వాళ్లకు ముందే చెప్పండి. కడప వై.వి. స్ట్రీట్‌లో పెళ్లి బట్టలు బిల్లు వేయించి కౌంటర్ దగ్గర కార్డు పనిచేయక నలుగురిలో నిలబడటం ఎవరికీ బాగుండదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న కార్డయితే ఒక పని ఎక్కువ. ఆ డిపాజిట్ మీద బ్యాంకు పెట్టిన లీన్, అంటే డబ్బు కదలకుండా వేసిన కట్టు, తీసేయమని కూడా రాతలో అడగాలి. ఒక్కోసారి కార్డు మూతపడుతుంది కానీ డిపాజిట్ కట్టు అలాగే ఉండిపోతుంది.

అడగడం, రాబట్టుకోవడం

మీకు తెలియాల్సిన అసలు ఆయుధం ఇక్కడుంది. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న క్రెడిట్, డెబిట్ కార్డుల మీద ఒక సమగ్ర ఆదేశం ఇచ్చింది. అది ఆ ఏడాది జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కార్డు మూయడం గురించి అందులో ఉన్నది నా మాటల్లో చెబుతాను.

బాకీ అంతా తీరి ఉంటే, ఖాతాదారు అడిగిన ఏడు పని దినాల్లో కార్డును మూసేయాలి. మూసిన వెంటనే ఆ సంగతి మెసేజ్ ద్వారానో మెయిల్ ద్వారానో చెప్పాలి. అడగడానికి హెల్ప్‌లైన్, ప్రత్యేక ఈమెయిల్, వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనిపించే లింకు, నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్ వంటి దారులు ఉంచాలి. "పోస్టులో ఉత్తరం రాసి పంపండి" అని పట్టుబట్టకూడదు. ఏడు పని దినాలు దాటితే, బాకీ లేని ఖాతాకు ఆలస్యమైన ఒక్కో రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలి. ఈ ఆలస్యం లెక్క క్యాలెండరు రోజుల్లో, అంటే ఆదివారాలు, పండుగలు కూడా కలుస్తాయి. పన్నెండు రోజులు ఆలస్యం చేశారంటే 6,000 రూపాయలు మీకు రావాలి.

ఇంత బలమైన నిబంధన ఉంది, అయినా దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఎందుకంటే అడిగిన రుజువు చాలామంది దగ్గర ఉండదు. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటారు. ఏ రోజు అడిగారో మీ దగ్గర రాత లేకపోతే ఏడు రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? అందుకే ఫోన్ చేసినా సరే, అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి. పెద్ద రాత అక్కర్లేదు. "నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. మొత్తం బాకీ ఫలానా తేదీన కట్టేశాను. ఈ కార్డు ఖాతాను, దానికి ఉన్న యాడ్-ఆన్ కార్డులను శాశ్వతంగా మూసేయండి. మూసినట్టు ధ్రువీకరణ, నో డ్యూస్ సర్టిఫికెట్ నాకు పంపండి." ఇంతే. పూర్తి కార్డు నంబరు, సీవీవీ, పిన్ ఏ మెయిల్‌లోనూ రాయకూడదు. వాళ్లిచ్చే సర్వీస్ రిక్వెస్ట్ నంబరు రాసి పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మూయమని అడిగిన మర్నాడో, ఆ మర్నాడో ఒక ఫోన్ వస్తుంది. చాలా మర్యాదగా మాట్లాడతారు. "ఈ ఏడాది ఫీజు తీసేస్తాం సార్, లిమిట్ పెంచుతాం, ఇంకో మంచి కార్డుకు మారుస్తాం" అంటారు. ఆ మనిషి ఉద్యోగం అది, ఆయన మీద విసుక్కోవాల్సిన పనిలేదు. కానీ మీకు మూయాలనే ఉంటే "సరే చూద్దాం", "ఆలోచిస్తాను" లాంటి మొహమాటం మాటలు వద్దు. మన వైపు మొహమాటం కాస్త ఎక్కువ. ఆ మాటను అటువైపు మీరు వెనక్కి తగ్గినట్టు రాసుకునే వీలుంది. "వద్దండీ, మూసేయండి" అని ఒక్కటే మాట. తర్వాత అదే సంగతి మళ్లీ మెయిల్‌లో ఒక వాక్యం.

శాఖకు వెళ్తే తప్పకుండా పని అవుతుందని పెద్దవాళ్ల నమ్మకం. చిన్నాయన కూడా మొదట అదే చేశాడు. ఏడురోడ్ల నుంచి ఎండలో నడుచుకుంటూ కార్డు ఇచ్చిన బ్యాంకు శాఖకు వెళ్తే "కార్డుల విభాగం వేరే సార్, మా చేతిలో లేదు" అన్నారు. చాలా బ్యాంకుల్లో అది నిజమే, కార్డుల పని వేరే చోట నుంచి నడుస్తుంది. శాఖకు వెళ్లాల్సి వస్తే మీ అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర లేని ప్రయాణం ఆటో ఖర్చు దండగ.

మరి "ఏడాది వాడకపోతే దానంతట అదే మూతపడుతుందంట కదా" అని అడుగుతారు కొందరు. సగం నిజం. ఏడాదికి పైగా వాడని కార్డును, ఖాతాదారుకు ముందు చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసేయాలని అదే ఆదేశంలో ఉంది. కానీ ఆ వాక్యం చివర ఒక షరతు ఉంది: బాకీలు తీరి ఉంటేనే. చిన్నాయన కార్డు మూతపడకపోవడానికి కారణం అదే. వార్షిక ఫీజు పడింది, అది బాకీ అయింది, బాకీ ఉంది కాబట్టి మూయలేదు, మూయలేదు కాబట్టి ఇంకో ఏడాది ఫీజు పడింది. ఆ నిబంధన మీద ఆధారపడి చేతులు ముడుచుకుని కూర్చోవద్దని ఇందుకే చెబుతున్నాను.

మాట వినకపోతే

ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి వివరాలు ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. 2021 నవంబర్ 12న దేశమంతటికీ కలిపి ఒకే పథకంగా దీన్ని తెచ్చారు. సీఎంఎస్ అనే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో కడపలో కూర్చునే ఫిర్యాదు పెట్టవచ్చు, హైదరాబాదుకు పోనక్కర్లేదు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా పెట్టాలో అడగడానికి 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదులో రోజుకు 500 లెక్కను మీరే వేసి, తేదీలతో సహా రాయండి. అడగనిది ఎవరూ ఇవ్వరు. ఇది కాక జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది.

స్కోరు పడిపోతుందన్న భయం

కార్డు మూస్తే సిబిల్ స్కోరు, అంటే అప్పు కట్టే తీరుకు వేసే మార్కు, పడిపోతుందంటారు. మూయకపోతే ఫీజు కింద డబ్బు పోతుంది. ఏది మంచిదో తేల్చుకోవాలంటే స్కోరు ఎందుకు కదులుతుందో కొంచెం తెలియాలి.

మనకున్న మొత్తం లిమిట్‌లో ఎంత వాడుతున్నామన్నది స్కోరులో ఒక ముఖ్యమైన అంశం. రాజంపేటలో ఒక టీచరుకు రెండు కార్డులున్నాయనుకోండి. ఒకదాని లిమిట్ లక్షా యాభై వేలు, రెండోదాని లిమిట్ యాభై వేలు. నెలకు 30,000 వాడుతుంది. రెండు లక్షల్లో 30,000 అంటే 15 శాతం, ఏ బెంగా లేదు. పెద్ద కార్డు మూసేసిందంటే మిగిలిన యాభై వేల లిమిట్‌లో అదే 30,000, అంటే 60 శాతం. ఖర్చు ఒక్క రూపాయి పెరగలేదు, కానీ రిపోర్టు చదివేవాళ్లకు ఈమె లిమిట్ అంచున బతుకుతున్నట్టు కనిపిస్తుంది. 30 శాతం లోపు ఉంచుకోవడం మంచిదని వాడుకలో ఉన్న కొలత. రెండో అంశం ఖాతా వయసు. చాలా పాతదైన, ఏ ఫీజూ లేని కార్డు ఒకటి ఉంటే దాన్ని అట్టే పెట్టుకుని, కొత్తదాన్ని, ఫీజు ఉన్నదాన్ని మూయడం తెలివైన పని. ఇంటి లోన్‌కో, బండి లోన్‌కో కొద్ది నెలల్లో వెళ్లబోతుంటే ఆ లోన్ చేతికొచ్చేదాకా కార్డుల జోలికి పోవద్దు.

అయితే ఒక మాట. స్కోరు కోసమే కార్డు ఉంచుకోమని సలహా చెప్పేవాళ్లతో నేను అన్నివేళలా ఏకీభవించను. చేతిలో కార్డుంటే ఆగలేక ఖర్చుపెట్టే మనిషికి నలభై శాతం వడ్డీ ముందు స్కోరులో పోయే పాయింట్లు ఒక లెక్క కాదు. అలాగే మన ఊళ్లలో ఇంకొకటి ఎక్కువ. "నీ కార్డు ఇయ్యన్నా, బిల్లు నేను కడతా" అని బంధువో, స్నేహితుడో తీసుకుని వాడటం. కట్టినన్నాళ్లు బాగుంటుంది. కట్టని నెల అప్పు మీది, రిపోర్టు మీది, మనస్పర్థ ఇద్దరిదీ. కార్డు గీకి నగదు ఇస్తామని కమీషన్ పుచ్చుకునే దుకాణాల దగ్గరికి అలవాటు పడినవాళ్ల సంగతీ అంతే. ఇలాంటి చోట స్కోరు గురించి ఆలోచించకుండా మూసేయడమే ఇంటికి మంచిది. స్కోరు తర్వాత మెల్లగా కోలుకుంటుంది.

"సెటిల్" చేసుకుందాం అంటే

బాకీ పెరిగిపోయి నెలల తరబడి కట్టలేనివాళ్లకు వసూలు మనుషులు ఫోన్ చేసి "లక్షకు అరవై వేలు కట్టండి, ఫైలు క్లోజ్ చేసేస్తాం" అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని పడదు, "సెటిల్డ్" అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదు, బ్యాంకే కొంత వదులుకుంది అని అర్థం. రేపు లోన్ ఇచ్చే మేనేజర్ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతాడు. వేరే దారి లేక సెటిల్ చేసుకోవాల్సి వస్తే తప్పుపట్టను, ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే అది నయం. కానీ తెలిసి చేసుకోండి, బ్యాంకు ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, ఆ డబ్బు కార్డు ఖాతాకే కట్టండి, ఏ ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకూ కట్టొద్దు. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగిలినదీ కట్టి "క్లోజ్డ్"గా మార్పించుకోమని అడగవచ్చు. వసూలు కోసం పొద్దున 8 కంటే ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ టెన్షన్‌లో చాలామందికి ఇది తెలియదు.

ఈ సందట్లో దూరే దొంగలు

హెల్ప్‌లైన్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. అసలు నంబరు కార్డు వెనకాలే ముద్రించి ఉంటుంది. చిన్నాయన ముందే కార్డు కత్తిరించడం వల్ల జరిగిన రెండో నష్టం ఇదే, ఫోన్ చేయడానికి నంబరు కూడా లేకుండా పోయింది.

"మీ కార్డు మూయడానికి ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపినా, ఫోన్ తెరను చూపించే యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది బ్యాంకు కాదు. పొరబాటున డబ్బు పోతే ఆ నిమిషమే 1930 కు ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మూశాక చూసుకోవాల్సింది

మూసినట్టు మెసేజ్ వచ్చాక నో డ్యూస్ సర్టిఫికెట్ ప్రింటు తీసి దాచండి. మూసిన సంగతిని 30 రోజుల్లో క్రెడిట్ సమాచార సంస్థలకు బ్యాంకు తెలియజేయాలి. మన దేశంలో అవి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది. కాబట్టి నెలా పదిహేను రోజులు ఆగి ఒకటి తీసి చూడండి. ఆ కార్డు ఎదురుగా "క్లోజ్డ్" అని, బాకీ సున్నా అని ఉండాలి. లేకపోతే అక్కడే తప్పు సరిచేయమని ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబర్‌లో చెప్పింది, అది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.

మూయడం వల్ల పాత ఆలస్యాల గుర్తులు చెరిగిపోవు. సిబిల్ రిపోర్టులో 36 నెలల దాకా చెల్లింపుల చరిత్ర కనిపిస్తుంది. కొత్త మరకలు పడకుండా ఆగుతాయి, పాతవి కాలంతో పాటు వెనక్కి జరుగుతాయి.

ఇప్పుడు కత్తెర. చిప్ మధ్యలోంచి, వెనక నల్ల పట్టీ మీదుగా, అంకెల మీదుగా కత్తిరించి ముక్కలను వేరువేరు రోజుల చెత్తలో వేయండి.

చిన్నాయన వ్యవహారం తేలడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. నంబరు మార్పించడానికే రెండు వారాలు. ఆయన వార్షిక ఫీజు, దాని జీఎస్టీ కట్టాడు. ఆలస్య రుసుములు వెనక్కి తీసుకోమని మేం మెయిళ్లు రాశాం. తెలుగు పండితుడు కదా, ప్రతి మెయిల్ నాతో ఇంగ్లిషులో రాయించి, తెలుగులో చదివించుకుని, పొల్లు లేదనుకున్నాకే పంపనిచ్చాడు. చివరికి రుసుములు, వడ్డీ తీసేశారు. నో డ్యూస్ కాగితం వచ్చిన రోజు దాన్ని నాలుగు జిరాక్సులు తీయించాడు. మేనేజర్ దగ్గరికి ఒకటి తీసుకెళ్లాడు. రిపోర్టు మారాక మళ్లీ రమ్మన్నారు, ఇంకో నెలన్నరకు మారింది. అసలు కాగితం ఇప్పుడు బీరువాలో, ఇంటి దస్తావేజులున్న గుడ్డ సంచిలో ఉంది.

"ఇంకో కార్డు ఉండాదిరా, రైతుబజారు పక్క పెట్రోలు బంకులో ఇచ్చినోళ్లు. దాన్ని కూడా చూడాల" అన్నాడు మొన్న ఫోన్‌లో. అది ఇంకా కత్తిరించలేదట.